పలక మీది ఊరు

కంప్యూటరు నెత్తిన ఉన్న కెమెరా కంటికి ఆయన దెబ్బల మీద వేసే పట్టీ ముక్క ఒకటి అంటించాడు. నిన్న అంటించినది అంచుల్లో లేచిపోయింది. తరువాత తన సెల్‌ఫోను తీసి బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కాడు. తడిగుడ్డ పిండి పలక తుడిచాడు. చెక్క చట్రం ఉన్న నల్ల పలక అది, ఒక మూల బీట వారింది. దాన్ని వచ్చేవాళ్ళ చేతికి అందేలా బల్ల మీద పెట్టి, పక్కన బలపం ముక్క ఉంచాడు. ఇంత తతంగం అయితే గాని ఆయన విమాన టికెట్ల షాపు తెరిచినట్టు కాదు.

మొదటి బేరం ఒక పెయింటరు. గోళ్ళ సందుల్లో సున్నం, మోచేతుల మీద నీలం చుక్కలు. కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే, "సార్, నేను వెళ్ళాల్సింది..." అని మొదలుపెట్టాడు.

"ష్!" అన్నాడాయన పెదవుల మీద వేలుంచి. పలక ముందుకు జరిపాడు. "రాయండి."

"రాయడం దేనికి సార్? నోరుంది కదా."

"మీకు నోరుంది. దానికి చెవులున్నాయి." కళ్ళతోనే కంప్యూటరు వైపు చూపించాడు.

పెయింటరు బలపం పట్టుకుని వెళ్ళవలసిన ఊరి పేరు రాశాడు. ఆయన చదువుకుని వెంటనే తడిగుడ్డతో తుడిచేశాడు. ఆ షాపులో పద్ధతి అది. ఎవరైనా సరే, వెళ్ళే ఊరి పేరు పలక మీద రాయాలి, ఆయన చదవాలి, తుడవాలి. ఊరి పేరు బయటికి అన్నారంటే కంప్యూటరో, ఫోనో వినేస్తుందనీ, వీడికి అవసరం ఉందని విమాన కంపెనీకి మోసేస్తుందనీ, మరుక్షణం రేటు కొండెక్కి కూర్చుంటుందనీ ఆయన నమ్మకం. అవసరం వాసన తగలకుండా బేరం చేయాలంటాడు. అందుకే టికెట్ కావలసినవాడు కూడా అక్కడ కాలక్షేపానికి వచ్చినవాడిలా కూర్చోవాలి. టికెట్ తీయమని అడిగితే ఆయన నోట మొదట వచ్చే మాట "ఆగండి". ఇవాళ ఆగండి, ఎల్లుండి చూద్దాం ఆగండి, తగ్గుతుంది ఆగండి. వీధిలోవాళ్ళు అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి ఆయన్ని ఆగండిగారు అంటారు. ఎదురుగా అనరు, ఆయన వీపు తిరిగాక అంటారు. ఆయనకు ఆ సంగతి తెలుసు. వీపు తిరిగాక ఎవరేమంటున్నారో కనిపెట్టుకుని ఉండే మనిషికి ఆమాత్రం తెలియకుండా ఉంటుందా.

పెయింటరు తెర వైపు తొంగిచూశాడు. "ఒకటే ఊరు, ఒకటే రోజు. మూడు రేట్లేంటి సార్? దూరమేమన్నా మారుతుందా?"

"దూరాన్ని బట్టి అనుకుంటే పప్పులో కాలేసినట్టే," అన్నాడాయన. ఈ ప్రశ్న అడిగితే ఆయనకు ఎంత సంతోషమో. "ఈ మొదటి కంపెనీవాడు పెట్టె మోస్తాడు, తిండి పెడతాడు, ఆలస్యమైతే పడుకోడానికి గదిస్తాడు. అన్నీ ముందే టికెట్లో కలిపేస్తాడు. రెండోవాడు ఒట్టి కుర్చీ అమ్ముతాడు. పెట్టెకి వేరే, కిటికీకి వేరే, మంచినీళ్ళకి వేరే. చివరికి లెక్కేస్తే ఇద్దరూ ఇద్దరే."

"మూడోవాడో?"

"మూడోవాడు మన ఎయిర్‌పోర్టుకి రాడు. ఆ పొలాల మధ్య కట్టారు చూడండి, చిన్నది, అక్కణ్ణుంచి ఎగురుతాడు. ఇక్కడైతే విమానం దిగితే డబ్బు, నిలబడితే డబ్బు, మనిషి గుమ్మం దాటితే డబ్బు. అదంతా చివరికి పడేది మన నెత్తినే. అక్కడ ఈగలు తోలుకుంటున్నారు కాబట్టి, 'బాబ్బాబు, మా దగ్గరికి రండి' అని బతిమాలి రాయితీలిస్తారు."

"అయితే అక్కణ్ణుంచే తీసెయ్యండి."

"అక్కడిదాకా బస్సెవరు పెడతారు? పైగా అక్కడ ఉన్నది వాడొక్కడే. పోటీ లేదు. ఇవాళ తగ్గించినవాడు రేపు పీక మీద కూర్చోడని నమ్మకమేంటి? ఆగండి. ఎల్లుండి రండి."

పెయింటరు లేచి, తలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. "ఏమనుకోకండి సార్. మధ్యలో మీరేమన్నా కలుపుతున్నారా?"

ఇంకొకరైతే ఒంటికాలి మీద లేచేవారు. ఆయన ముఖం మాత్రం విప్పారింది. "అలా అడగాలయ్యా! ఎవర్నీ నమ్మకూడదు. నన్ను కూడా."

ఈ అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. కుర్రతనంలో ఒక విమాన కంపెనీ వారి టికెట్ల ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. అప్పట్లో రేట్లన్నీ తలగడంత లావు పుస్తకంలో అచ్చయి ఉండేవి. ఏ ఊరికి ఎంతో అందులో ఉన్నదే రేటు, మళ్ళీ కొత్త పుస్తకం వచ్చేదాకా దేవుడు దిగివచ్చి అడిగినా అదే. ఆ పుస్తకం తెరిచి చదువుతుంటే గుళ్ళో పంతులు మంత్రం చదివినట్టు ఉండేది ఆయనకు. తరువాత పుస్తకాన్ని అటక ఎక్కించి బల్ల మీదకు కంప్యూటరును తెచ్చారు. పొద్దున ఉన్న రేటు భోజనాల వేళకు ఉండడం మానేసింది. ఆ రోజుల్లోనే ఒక బడిపంతులు పొద్దున వచ్చి టికెట్ తీసుకున్నాడు, ఆ పంతులు భార్య సాయంత్రం వచ్చి తీసుకుంది. ఇద్దరూ విమానంలో పక్కపక్కన కూర్చుని కబుర్లలో రేట్లు చెప్పుకున్నారు. తిరిగి వచ్చాక పంతులు ఆఫీసుకు వచ్చి అందరి ముందూ, "దొంగ వెధవా, నా పెళ్ళాం దగ్గర ఎంత నొక్కేశావురా?" అన్నాడు.

సీట్లు నిండేకొద్దీ రేటు పెరుగుతుందనీ, పక్క కంపెనీ తగ్గిస్తే మనమూ తగ్గిస్తామనీ, సెలవులొస్తే పెంచుతామనీ మేనేజరు తరువాత తీరిగ్గా బోధపరిచాడు. బోధపడింది. అయినా దొంగ అన్న మాట మాత్రం ఆయన మీదే మిగిలిపోయింది. తను దొంగ కాదు కదా, మరి దొంగ ఎవడో ఒకడు ఉండాలి కదా, వాడు ఆ తెర వెనకే ఎక్కడో కూర్చుని ఉండాలి. అదీ ఆయన తర్కం. సొంతషాపు పెట్టుకున్నాక కూడా ఆ దొంగను కనిపెట్టే పని మానలేదు. విమాన కంపెనీల కారణాలన్నీ ఇప్పటికీ గుక్కతిప్పుకోకుండా చెప్పగలడు, ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మడు. అనుమానం పెనుభూతం అంటారు. ఆయన ఆ భూతానికి కుర్చీ వేసి, షాపులో పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

పక్కనే కూర్చున్నది ఇంటికి మాత్రం రాకుండా ఉంటుందా. వచ్చింది.

ఆయన భార్యకు ఒక్కతే అక్క. చాలా దూరాన, విమానం ఎక్కితే తప్ప చేరలేని ఊళ్ళో ఉంటుంది. తల్లి పోయాక ఈవిడకు జడ వేసింది, స్కూలు సంచీ సర్దింది, పెళ్ళిచూపుల నాడు పక్కన కూర్చుని చేయి పట్టుకున్నది ఆ అక్కే. ఇప్పుడావిడకు చూపు పోతోంది. ఒక కన్ను ఇప్పటికే పోయింది, రెండోది ఎంతకాలమో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. ఆ కబురు తెలిసిన రోజున భార్య ఫోను పట్టుకుని ఏడుస్తూ వచ్చి, "ఏవండీ, అక్క దగ్గరికి..." అంది. ఆయన ఆవిడ చేతిలో ఫోను చూసి, "ష్!" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఇంట్లో అక్క ఊసు ఎత్తడానికి లేదు. ఊరి పేరు అనకూడదు, కళ్ళ సంగతి అనకూడదు, వెళ్ళాలి అన్న మాట అసలే అనకూడదు. ఏదైనా చెప్పుకోవాలంటే ఫోను తీసుకెళ్ళి పక్కగదిలో దిండు కింద పెట్టి రావాలి. మొదట్లో ఆవిడ అలాగే చేసింది. దిండు కింద పెట్టి వచ్చేసరికి ఏడుపు కాస్తా గొంతులోనే ఆగిపోయేది. తరువాత చెప్పడం మానేసి, రోజూ పొద్దున భోజనం డబ్బా చేతికిస్తూ ఆయన కళ్ళలోకి చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఇంకా తగ్గలేదు అని దాని అర్థం. ఈ వారాల్లో పెయింటర్లకూ నర్సులకూ ఊళ్ళో అందరికీ టికెట్లు తీసి ఇచ్చాడు గాని ఇంటి మనిషికి తీయలేదు. మంచి రేటుకు తీయాలనే. తన భార్యను కూడా ఆ దొంగ దోచుకుంటే ఇక ఇన్నేళ్ళ కాపలాకు అర్థమేముంది?

అయితే ఇవాళ పొద్దున ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

పెయింటరు వెళ్ళినప్పటి నుంచీ ఆయన బుర్రలో అదే తొలుస్తోంది. డబ్బా ఇచ్చింది, మూత సరిగ్గా పట్టిందో లేదో చూసుకోమంది, లోపలికి వెళ్ళిపోయింది. రోజూ అడిగే మనిషి అడగడం మానేస్తే ఊరికే మానదు. పైగా మంచం కింద సూట్‌కేసు మీద దుమ్ము లేదు. చెప్పులు వెతుక్కుంటూ వంగినప్పుడు చూశాడు. ఇంట్లో మిగతా సామాన్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి, దుమ్ము ఒక్కటే లేదు. నిప్పు లేనిదే పొగ రాదు.

మధ్యాహ్నం డబ్బా విప్పి రెండు ముద్దలు తిన్నాడో లేదో, తెర మీద ఒక అంకె మారింది. వదినగారి ఊరికి, పొలాల మధ్య ఎయిర్‌పోర్టు నుంచి. ఇన్ని వారాలుగా ఆయన కాచుకుని ఉన్న రేటు కంటే కూడా తక్కువ. ఎడమచెయ్యి మౌసు మీదకు వెళ్ళింది. ఒక్కసారి నొక్కితే అయిపోతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఫోను ఎదురుగానే, ఎవరు వింటే విననీ అని, 'నువ్వు వెళ్తున్నావోయ్' అనవచ్చు. ఆవిడ ముఖం ఎలా మారుతుందో ఊహించుకున్నాడు కూడా.

వేలు నొక్కలేదు. ఇంత ఎందుకు తగ్గింది? ఎవడూ ఊరికే తగ్గించడు. అక్కడికి వెళ్ళే బస్సులు ఆపేశారేమో. విమానం రద్దు చేయబోతున్నారేమో. దిగేది ఆ ఊళ్ళో కాకుండా ఇంకెక్కడో అడవిలోనేమో. రేకుడబ్బాలోంచి ఫోను తీసి బస్సుల ఆఫీసుకు చేశాడు. బస్సులు తిరుగుతున్నాయట. ఆ ఎయిర్‌పోర్టులో సామాన్లు మోయించే తెలిసినతనికి చేశాడు. అంతా మామూలుగానే ఉందట. "మరి ఎందుకు తగ్గించారయ్యా?" అని గద్దించాడు. "సీట్లు ఖాళీగా ఉన్నాయేమో గురూగారూ," అన్నాడతను. ఆ జవాబు మరీ తేలికగా ఉందని ఆయనకు ఇంకా అనుమానం వచ్చింది.

కొండనంతా తవ్వాడు గాని ఎలుక కూడా దొరకలేదు. ఫోను మళ్ళీ రేకుడబ్బాలో పెట్టి తెర వైపు చూసేసరికి అంకె మళ్ళీ పెరిగిపోయింది, పొద్దుటికంటే కూడా పైకి. "చూశావా!" అన్నాడు గట్టిగా, ఎవరూ లేకపోయినా. "నేను చూస్తున్నానని తెలిసిపోయింది వాడికి." గెలిచినట్టే అన్నాడు గాని మిగతా అన్నం తినకుండానే భోజనం డబ్బాకు మూత పెట్టేశాడు.

అప్పుడే తల ఎత్తి వీధి అవతలకు చూశాడు. ఎదురుషాపు కూడా టికెట్లదే. మొన్నమొన్న పెట్టింది ఒక అమ్మాయి. బోర్డు మీద రంగురంగుల విమానం, లోపల చల్లటి గాలి, పలకా లేదు, తడిగుడ్డా లేదు. వచ్చినవాడు ఊరి పేరు అరిచి చెబితే ఆ పిల్ల చటుక్కున నొక్కి టికెట్ చేతిలో పెట్టేస్తుంది. ఆ అమ్మాయి ఎదుట, ఆయనకు వీపు పెట్టి, ఒకావిడ కూర్చుని ఉంది. చీర కొంగును భుజం మీదకు అలా రెండుసార్లు లాక్కునేది ఈ లోకంలో ఒక్కతే.

తన భార్య! ఆవిడకు అక్కడేం పని? తన షాపు గుట్టు చెబుతోందా? బేరాలు అటు మళ్ళిస్తోందా? ఎన్ని తప్పు ఊహలు ఉన్నాయో అన్నీ చేశాడు. కళ్ళ ముందున్న ఒక్క ఊహ మాత్రం చేయలేదు. వెళ్ళి అడగవచ్చు. అడిగితే దొరికిపోతామని జాగ్రత్తపడతారు, కాబట్టి అడగలేదు. తలుపు చాటున నిలబడి చూశాడు. ఆవిడ లేచింది, ఆ అమ్మాయి భుజం తట్టింది, ఇంటివైపు వెళ్ళిపోయింది. తన షాపు వైపు చూడనైనా చూడలేదు.

ఎండ వీధి అవతలి గోడ మీదకు జరిగిన వేళకు ఫుట్‌పాత్ మీద చక్రాల చప్పుడైంది. ఆవిడ తలుపు తోసుకుని సూట్‌కేసుతో సహా లోపలికి వచ్చింది. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"ఏంటిది?" అన్నాడాయన.

"నన్ను ష్ అనకండి. అన్నా ఆగను." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, బయటికి వినబడేటంత మామూలుగా. "మా అక్కకి చూపు పోతోంది. ఒక కన్ను అయిపోయింది. రెండోది పొగ పట్టినట్టుందట. మనిషినైతే గుర్తుపడుతోంది గాని మొహం ఆనడం లేదట. నేను ఎలా ఉన్నానో ఒక్కసారి చూసుకోవాలంటోంది. రోజూ ఫోన్లో అడుగుతోంది, ఎప్పుడొస్తావే, ఎప్పుడొస్తావే అని. నేను బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు తిప్పి జవాబు చెబుతున్నా."

ఆయన చూపు తనకు తెలియకుండానే కంప్యూటరు మీదకు పోయింది. పట్టీ సరిగ్గా అంటుకుని ఉందో లేదో అని.

"చూశారా," అంది ఆవిడ. "ఇప్పుడు కూడా దానివైపే చూశారు."

"అది కాదోయ్. నీకోసమే కదా నేను..."

"నాకోసమే. కాదన్లేదు. కానీ ఒక్కోసారి అనుమానమొచ్చేది, నేను వెళ్ళడం మీకు ఇష్టం లేదేమో, రేటు వంక పెడుతున్నారేమో అని. మీ ఇంట్లో ఉండి ఉండి నాక్కూడా అంటుకుంది." నవ్వబోయింది గాని నవ్వు నిలబడలేదు. "మీ రేటు తగ్గేదాకా అక్క కన్ను ఆగదండీ. టికెట్ తీసేసుకున్నా, ఈ రాత్రికే. ఎదురుగా ఆ అమ్మాయి దగ్గర."

ఆయన అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. తప్పయింది అనవచ్చు, నేనూ వస్తాను అనవచ్చు. లోపల అవన్నీ కదిలాయి కూడా. నోట్లోంచి మాత్రం, "ఎంతకి?" అని వచ్చింది.

"చెప్పను. చెబితే నేను వెళ్ళేలోగా మీకు జ్వరమొస్తుంది."

"ఏ ఎయిర్‌పోర్టు?"

"దగ్గరదే. అందరూ వెళ్ళేదే."

"ఆ చిన్నదాన్నుంచి ఇవాళే తగ్గింది, తెలుసా? ఇందాకే. నా కళ్ళారా చూశాను."

"తీశారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. "తిరుగు టికెట్?" అన్నాడు.

"తీసుకోలేదు."

ఆయనకు భయం వేసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఒక్క పూట గడపలేదు. ఇన్ని వారాలూ అంకెలు చూస్తూ కూర్చున్నది పూర్తిగా రేటు కోసమేనా అని తన మీద తనకే అనుమానం వచ్చింది. అనుమానించడం అలవాటైన మనిషే గాని ఆ వైపు ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ పలక దగ్గరికి లాక్కుంది. బలపం తీసుకుని, వంగి, నెమ్మదిగా ఏదో రాసింది. ఆయన మెడ చాచేలోగా బోర్లించి బల్ల మీద పెట్టింది. "ఆ టికెట్ మీరే తీయాలి. తేదీ నేను ఫోన్ చేసి చెబుతా. అప్పటిదాకా ఆగండి."

జీవితమంతా ఆ మాట ఆయన పదిమందికీ చెప్పాడు. ఆయనకు చెప్పినవారు అంతవరకూ లేరు.

సూట్‌కేసును మలుపులో ఉన్న టాక్సీ దాకా ఆయనే తీసుకెళ్ళాడు. బరువుగా ఉంది. కొద్దిరోజులకు ఇంత బరువెందుకు అనుకున్నాడు, అడగలేదు. "బరువెక్కువైతే అక్కడ డబ్బు గుంజుతారు," అని మాత్రం అన్నాడు. "తూచుకునే వచ్చా," అంది ఆవిడ. టాక్సీ ఎక్కాక అద్దం దించి, "ఫోన్ డబ్బాలో పెట్టకండి. నేను చేస్తే ఎత్తాలి," అంది. "అక్కని అడిగానని చెప్పు," అన్నాడు. వీధిలో నిలబడి, అక్క అనే మాట బయటికి అన్నాడు. ఆవిడ ఆయన ముఖం వైపు చూసి తల ఊపింది. టాక్సీ వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే ఎదురుషాపు అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు మొహం పెట్టింది. "ఏమనుకోకండి బాబాయ్‌గారూ. పిన్నిగారు వచ్చి అడిగితే కాదనలేకపోయాను."

"ఎంతకి ఇచ్చావమ్మా?"

"మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారండీ."

ఆయన షాపులోకి వచ్చి కూర్చున్నాడు. రేకుడబ్బా మూత తెరిచి ఫోను పైకి తీసి, కంప్యూటరు పక్కనే, తన ఎదురుగా పెట్టుకున్నాడు. తరువాత పలక తిప్పాడు.

వదినగారి ఊరు రాసి ఉంటుందనుకున్నాడు. కాదు. ఈ ఊరి పేరు ఉంది. ఇన్నేళ్ళలో ఆ పలక మీద ఎన్నో ఊళ్ళు వచ్చి తుడుచుకుపోయాయి. ఈ ఊరిని మాత్రం ఎవరూ రాయలేదు. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఈ ఊరి నుంచి వెళ్ళేవాళ్ళే, వెళ్ళే ఊరి పేరే రాస్తారు. దీన్ని వెళ్ళే ఊరుగా రాసిన మొదటి మనిషి ఆవిడే.

అప్పుడు కూడా అనుమానం రాలేదని కాదు. తిరిగి వస్తానని తనను ఊరడించడానికి రాసిందేమో. సూట్‌కేసు అంత బరువుగా ఉంది కదా. ఒకటికి పదిసార్లు చదివాడు. 'ఊ' కొమ్ముకు ఆవిడ ఎప్పుడూ పెట్టే వంకరతో సహా చదివాడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాడు.

తలుపు తోసుకుని ఒక నర్సు వచ్చింది. పాత బేరమే, ఆవిడకు పద్ధతి తెలుసు. కుర్చీ లాక్కుంటూనే ఒక చెయ్యి పలక కోసం, ఇంకో చెయ్యి తడిగుడ్డ కోసం చాచింది.

ఆయన పలక మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని ముట్టుకోవద్దమ్మా. నోటితో చెప్పండి."

నర్సు కంప్యూటరు వైపూ, బల్ల మీద బయటే ఉన్న ఫోను వైపూ అనుమానంగా చూసింది. "గట్టిగానా?"

"గట్టిగానే. ఎప్పుడు వెళ్ళాలో కూడా చెప్పండి. ఇవాళే తీసేద్దాం."

నర్సు, బడిలో పేరు పిలిచినప్పుడు పలికినట్టు, ఊరి పేరు బిగ్గరగా చెప్పింది. ఆయన నొక్కసాగాడు. మోచేతి పక్కన పలక అలాగే ఉంది, బీట వారిన మూల దాకా ఒరిగిన గుండ్రటి అక్షరాలతో, దాని పక్కన పొద్దుటి తడి ఆరి బిరుసెక్కిన గుడ్డతో.